వడ్ల సాయన్న దాచిన బండి సీలలు

ఆత్మకూరు అంగడి ఎదురింట్లో ఉంటూ బండ్లూ నాగళ్లూ చేసే వడ్ల సాయన్న అనే నేను, అరవై ఆరేళ్లవాణ్ణి, సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్లు మాట వినడం మానేశాయి గాని తల ఇంకా వింటోంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. కల్లు ముట్టి రెండు రోజులైంది. నేను బడికి పోలేదు. బెల్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అందుకేనేమో నా రాత కాస్త సాగుతుంది. వారసులు ఓపిక పట్టాలి.

1. పదేళ్ల కిందట నేను రాసిన వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను. నా భార్య తిమ్మమ్మ ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లే దీనికి హక్కుదారు అనీ, ఒక్క రాత్రి బయట పడుకున్నా ఆ హక్కు పోతుందనీ అందులో రాసి ఉంది. రాసింది నేనే. సిగ్గుపడుతున్నదీ నేనే.

2. నా స్థిరాస్తి: మూడు గదుల మట్టి మిద్దె, ముందున్న పని కొట్టం. హద్దులు: పడమర రజాక్ భాయ్ దుకాణం, ఉత్తరం గడ్డివాము, దక్షిణం దారి, తూర్పు అంగడి మైదానం. ఈ తూర్పు హద్దు గురించి ఒక మాట చెప్పాలి.

ఇది ధాత నామ సంవత్సరం. అరవై ఏళ్ల కిందటి ధాతలో పెద్ద కరువు వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మ అప్పటికే పోయింది. మా నాయన నన్ను బండిలో తెచ్చి ఈ మైదానంలో ఖాళీ గోనెసంచుల మీద కూర్చోబెట్టాడు. "గీడనే కూసో బిడ్డా, ఎద్దులకు జర నీళ్లు తాపి వస్త" అన్నాడు. ఆ ఎద్దులకు ఎంత దూప అయిందో గాని అరవై ఏళ్లుగా తాగుతూనే ఉన్నాయి. మూడో రోజు ఈ ఊరి వడ్ల బుచ్చన్న నన్ను ఎత్తుకుపోయి అంబలి తాగించాడు, పని నేర్పాడు, ఇంటిపేరూ ఇచ్చాడు. పెద్దయ్యాక ఇల్లు ఎక్కడ కడతావని ఆయన అడిగితే, ఈ మైదానం కనబడే చోటే అన్నాను. నాయన వస్తే వెతుక్కోకూడదు కదా.

3. చరాస్తిలో మొదటిది, నా మంచం కింది చెక్క పెట్టె. అందులో ముప్పై ఒక్క బండి సీలలున్నాయి. సీల అంటే ఇరుసు కొసన, చక్రం జారిపోకుండా గుచ్చే ఇనుప ముక్క. వేలెడుంటుంది. అది లేకుంటే బండి కదలదు. నాయన బండికి ఆ రోజు ఒక్క సీల లేకపోయి ఉంటే, అన్న ఆలోచన ఆరేళ్లప్పుడే నా తలలో దిగింది. నాతోపాటే ముసలిదైంది గాని ఊడి రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా, వాళ్లు పోతామని లేచేసరికి నా చెయ్యి దానంతట అదే వాళ్ల ఇరుసు దగ్గరికి పోయేది. కమ్మరి కొత్త సీల కొట్టి ఇచ్చేసరికి ఒక పూట పట్టేది. ఆ పూట వాళ్లు నా ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర తినేవాళ్లు. అంతకు మించి నేనేమీ దొంగిలించలేదు. ఏ సీల ఎవరిదో చీటీ కట్టి ఉంది. క్షమాపణతో తిరిగి ఇవ్వవలసినది.

4. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రజాక్ భాయ్‌ది. పెట్టెలో రెండు సీలలు ఆయనవే. గద్వాలలో తమ్ముడి షాదీకి బయల్దేరిన రోజు, "అరె సాయన్నా, నీ దోస్తీ మంచిగనే ఉంది గాని నా సీల ఏడ పెట్టినవ్ర? బరాత్ నాకోసం ఆగుతదా?" అని నా గల్లా పట్టుకున్నాడు. బరాత్ ఆగలేదు. ఆయన నాతో మాట్లాడటం మాత్రం నాలుగు నెలలు ఆగింది. అయినా ఇంతకంటే నమ్మకస్తుడు నాకు దొరకలేదు.

5. నా ఉలులు, బాడిశెలు, రంపాలు అల్లుడు మాసయ్యకు. కొయ్యమేకు కొట్టవలసిన చోట ఇనుపమేకు కొడతాడు. ఆ పాపం ఆయనదే. కూతురు బాలనాగమ్మ గడప దాటకూడదని ఈయన్ని ఉప్పునుంతల నుంచి ఇల్లరికం తెచ్చాను. "మామా, నేను పెండ్లి చేసుకున్ననా, జైలుకొచ్చిన్నా?" అని ఒకసారి అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబిస్తున్నాను: పనిముట్లు పట్టుకుని ఇద్దరూ ఎక్కడికైనా పోవచ్చు.

6. మిద్దె, కొట్టం, రెండెద్దులు, బండి తిమ్మమ్మకు, ఏ షరతూ లేకుండా. కారణం రాయకపోతే ఈ కాగితం అబద్ధమవుతుంది.

ఆమె తల్లి అలంపూర్‌లో చావుబతుకుల్లో ఉన్నప్పుడు, తీసుకుపోవడానికి ఆమె అన్న బండి కట్టుకుని వచ్చాడు. తెల్లవారి చూస్తే సీల లేదు. వాళ్లతో పాటు నేనూ గడ్డివాము కింద వెతికాను. సీల నా మొలలో ఉంది. వాళ్లు కృష్ణ దాటి చేరేసరికి తల్లి పోయి అరపూటయింది. ఇరవై రెండేళ్లు తిమ్మమ్మ ఆ ఊసెత్తలేదు. నిరుడు చూపు పోయిన చెల్లెలు సత్యమ్మ, "నీ చేతి బువ్వ తినాలని ఉందక్కా, రా" అని కబురు పంపింది. అప్పుడు నేను పాత వీలునామా తీసి చదివి వినిపించాను. చదవడం వచ్చిన గర్వం ఒకటి. తిమ్మమ్మ ఆసాంతం విని, "మా అమ్మ సచ్చిననాడు సీల నీ మొలలనే ఉండె, నాకెర్కనే. నువ్వు సచ్చినంక గూడ దాస్తవా?" అంది. లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది. నాకు జవాబు దొరకడానికి ఏడాది పట్టింది.

7. వీలునామా నా తదనంతరమే చెల్లుతుందని రజాక్ భాయ్ చెబుతున్నాడు. మిగతావి అట్లాగే కానివ్వండి. ఆరో అంశం మాత్రం ఈ రోజే అమలు. తిమ్మమ్మ అలంపూర్‌కు మూట కట్టుకుంది. మళ్లీ ఎప్పుడొస్తావని నేను అడగను, ఎవరూ అడగకూడదు. ఆమె చెప్పనూ లేదు.

నేను లేవకుండా సాక్షులు చెరో పక్కన కూర్చుని నా చేతులు పట్టుకున్నారు. బండి చప్పుడు బాట మలుపు దాటాక కుడిచెయ్యి వదిలారు. అప్పుడు సంతకం చేశాను.

మాఘ శుద్ధ దశమి, 1346 ఫసలీ, ఆత్మకూరు.

(సంతకం) వడ్ల సాయన్న

సాక్షులు:
అబ్దుల్ మజీద్, కుడిచెయ్యి పట్టుకున్నవాడు
చెన్నయ్య, ఎడమచెయ్యి ఇంకా వదలనివాడు