గోడమీద ఆరువందల పది హార్స్‌పవర్

అమరిల్లో, మంగళవారం

వెండెల్ అన్నయ్యకి,

నిన్న నీ పుట్టినరోజని కేకు పట్టుకుని నీ మెకానిక్ షెడ్డుకి వచ్చాను. నువ్వు లేవు. ఇంజన్ల బలం కొలిచాక మీరు గోడకి అంటించే కాగితాల్లో మా ఆయన పేరు కనిపించింది. కర్టిస్, ఆరువందల పది హార్స్‌పవర్. పాతది తీసేసి పెద్ద ఇంజన్, దానిమీద ఇంకా బలం పెంచే సూపర్‌చార్జర్. తేదీ ఏప్రిల్ తొమ్మిది.

ఆ సాయంత్రమే కదా ఫోన్ చేసి, "నీ మొగుడి పికప్‌కి ఆయిలు మార్చానే, అంతే. ఒట్టు! ఆ ముసలి గుర్రానికి రెక్కలు కడతానా?" అని నవ్వావు. పోయినేడు వేగానికి అతని బండి పల్టీ కొట్టినప్పుడు, తలుపు కోసి బయటికి లాగింది నువ్వే. అందుకే నమ్మాను. అతను బతిమాలితే కాదనలేకపోయావేమో. అతని సరదా నాకే అర్థం కాలేదేమో. ఎంత సర్దిచెప్పుకున్నా ఆ ఒట్టు మాత్రం మింగుడుపడటం లేదు.

కాగితం పక్కన ఫోటోలో నీ మేనకోడలు మార్లా బొటనవేలెత్తి నవ్వుతోంది. అంటే నా కూతురికీ తెలుసు.

శనివారం వచ్చి నీ చేత్తోనే ఆ సూపర్‌చార్జర్ విప్పెయ్యి. బండి తాళాలు నా దగ్గరున్నాయి. కర్టిస్ పొద్దున్నుంచీ వెతుకుతున్నాడు. నేను చూడలేదన్నాను. ఎంత సులువుగా అనేశానో, అన్నయ్యా!

నీ చెల్లెలు