నూనె కాలికి, తిట్లు చేతికి

మావా, నువ్వు పోయిన ఏడాదికి నీ పక్షవాతం నా కుడిచేతికొచ్చింది. నువ్వు నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. నేను చెప్తంటే, నా చేతికి వైద్యం చేసే ఫిజియో గుంట నీకీ ఉత్తరం రాస్తంది.

నిన్న ముంచింగిపుట్టు సంతలో నూనెలమ్మేవోడు నా వేలాడే చెయ్యి చూసి సీసా తీసేడు. "నీ మొగుడి చెయ్యి లెగిసింది నా నూనెకే కదవ్వా!" అన్నాడు.

"ఓరి, సీసా చిన్నదని కాలికే రాసేన్రా. ఆ కాలు సచ్చేదాకా ఈడ్చేడు. సేతికి సుక్క కూడా రాయలేదు."

"కాలికి రాస్తే పైకెక్కుతాదవ్వా."

"అయితే నువ్వూ అరికాలికి రాసుకో. బుర్రదాకా ఎక్కుతాదేటో సూద్దాం."

సంతంతా నవ్వింది.

నీ చెయ్యెలా లేచిందో నాకు తెలీదా? మంచి చెయ్యి తువ్వాలుతో నడుముకి కట్టేసి, కాఫీ గింజలు చెడ్డచేత్తోనే ఏరమన్నాను. నువ్వు ఏడ్చేవు, నేను తిట్టేను. ఆఖరికి ఆ చేత్తోనే నా చుట్ట దొంగిలించేవు.

ఇది రాస్తా రాస్తా ఫిజియో గుంట నవ్వి, "అవ్వా, ఒక్క మనిషిని చూసి రుజువు అనకూడదు. చాలామందిని చూడాలి. మంచి చెయ్యి కట్టే వైద్యం మాకూ ఉంది, తిట్లే లేవు" అంది.

"అందుకే మీ వైద్యం బేగి పనిచెయ్యదు" అన్నాను.

ఇప్పుడు నా ఎడమచేతికి నీ తువ్వాలే కట్టింది. నా ముందు కాఫీ గింజలు పోసి, "ఏరు అవ్వా, మా మంచి అవ్వ కదా" అంటది. అంత మెత్తగా చెప్తే ఈ మొండి చెయ్యి ఎందుకు లెగుస్తాది?

నువ్వొకసారి తిట్టు మావా.