ఎవరికీ అందని జరిమానా

పాడేరు మండలం,
2024 నవంబరు 18.

తమ్ముడు స్వామికి,

అక్క చిట్టెమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమందరం ప్రాణాలతో ఉన్నాం, నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందింది. జైల్లో అన్నం ముద్దకడుతోందని రాశావు. నా వంటకు వంకలు పెడుతూనే మూడోసారి వడ్డించుకున్నవాడివి, అనుభవించు. నిన్ను తలుచుకుంటే నాకు ఏడుపు కూడా కోపంగానే వస్తుంది.

మీ బావ మల్లేశు సంతలో పసుపు అమ్మి, బీమా ఏజెంటువి నువ్వే కదా అని కిస్తీ నీ చేతిలోనే పెట్టేవాడు. రసీదు అడగమంటే, సొంత బావమరిదిని ఎవరైనా రసీదు అడుగుతారా అని నన్నే కసిరేవాడు. నువ్వు ఆ డబ్బు వాడేసుకున్నావు. ఆయన పోయాక కంపెనీ ఆఫీసుకు వెళ్తే పాలసీ ఎప్పుడో ఆగిపోయిందన్నారు. ఆసుపత్రి ఖర్చులకు మా కాఫీ తోట మన ఊళ్ళో అప్పులిచ్చే భీముడి దగ్గర తాకట్టు పెట్టిన సంగతి నీకు తెలుసు. బీమా డబ్బు వస్తే విడిపించుకుందామని ఆశపడి కూర్చున్నాను.

నీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పడానికి నాకు కాళ్ళు రాలేదు. ఊరి పెద్ద ఫల్గుణ మామే, బేగి ఎల్లి సెప్పీయే గుంటా, తప్పు ఏత్తారు, నీ డబ్బు నీకొచ్చేత్తాది అన్నాడు. మన పెద్దలు ఎవరిమీదైనా తప్పు వేసి జరిమానా కట్టిస్తే ఆ సొమ్ము నష్టపోయినవాళ్ళకే ఇప్పిస్తారు కదా. ఆ పూటే అందరం ఒక బంతిలో కూర్చుని తింటాం, తగువు తీరిపోతుంది. కోర్టులోనూ అంతే అనుకున్నాం. జడ్జిగారు నీకు రెండేళ్ళ జైలు, జరిమానా అని చదవగానే నేను సంచి పట్టుకుని వరండాలో నిలబడ్డాను, ఎప్పుడు పిలిచి ఇస్తారా అని. కోర్టు గుమస్తా దేవీప్రసాద్ గారు నవ్వలేదు, పాపం. ఆ డబ్బు సర్కారుకు పోతుందమ్మా అన్నారు.

నిన్ను సరిగా కనిపెట్టుకుని ఉండనందుకు కంపెనీకీ జరిమానా పడిందట. అదీ సర్కారుకే. నీ లైసెన్సు రద్దు చేశారు. నాకేమో, కిస్తీ వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు, ఇచ్చినవాళ్ళదే పొరపాటు అని కంపెనీ కాగితం పంపింది. వినియోగదారుల కోర్టుకు వెళ్తే అక్కడా అదే మాట చెప్పి పంపేశారు. ఇంక ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

నీ భార్య సోని ఎలా ఉందని అడిగావు. కోర్టు జరిమానా కట్టేదాకా మీ ఇంటివాళ్ళు బంతిలో కూర్చోకూడదని పెద్దలు తీర్మానించారు. కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండుగనాడు నీ కూతురు భాను అందరితోపాటు వచ్చి కూర్చుంటే లేపేశారు. అడ్డాకు విస్తరి పట్టుకుని అది నావైపే చూసింది. గుంట ఏటి సేసింది మామా అని గట్టిగానే అడిగాను. మోసపోయినదానివి నువ్వే ఇలగడిగితే ఎలగే అన్నాడు ఫల్గుణ మామ. నాకు ముద్ద దిగలేదు.

జరిమానా కట్టకపోతే ఇంకో ఆరునెలలు ఉంచేస్తారని భయపడుతున్నావు. భయపడకు. చలి ముదురుతోంది, దుప్పటి పంపిస్తాను.

ఇట్లు,
నీ అక్క
చిట్టెమ్మ

తా.క.: భయపడకు అని ఊరికే రాయలేదు. తోట పూర్తిగా భీముడికే రాసిచ్చేశాను. తాకట్టు బాకీ పోగా వచ్చిన దానితో నీ జరిమానా నేనే కట్టాను. నిన్న భాను బంతిలో నా పక్కనే కూర్చుని తింది. రేపటినుంచి ఆ తోటలోనే కూలికి కాఫీ పళ్ళు కోయాలి. నువ్వు వచ్చాక నిన్నూ బంతిలో కూర్చోబెడతారు. నాకు ఎదురుగా మాత్రం కూర్చోకు తమ్ముడూ, నేను తినలేను.