నా ఎదలోని మిషను న్యార్ గెమ్‌కే

నేను దోర్కా అలూ, కీర్తిశేషుడు జకారియా ఒలాంగ్ పెద్ద భార్యను, అసెంబో సరస్సు తీరంలో చేపలు పొగబెట్టి అమ్మి బతికినదాన్ని. వయసు డెబ్బై నాలుగని చర్చివాళ్లంటారు, నాకింకా ఎక్కువే అనిపిస్తుంది. ఇంట్లో నేను, కొడుకు ఒకెలో, కోడలు, వాళ్ల పిల్లలు. అదే వాకిట్లో ఎడమవైపు గుడిసెలో నా సవతి పెరెస్. గెమ్ ఊరి ఆడపడుచు గనుక అందరూ న్యార్ గెమ్ అంటారు. కడుపులో గడ్డ నన్ను తినేస్తున్నా బుద్ధి చెక్కుచెదరలేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బలవంతపెట్టేది నేనే. నాకు చదువు రాదు గనుక చెబుతుంటే చర్చి గుమాస్తా టోబియాస్ రాస్తున్నాడు. త్వరగా రాయి నాయనా, నాకు వ్యవధి లేదు.

1. పొగగూడు, జల్లెళ్లు, సంతలో బల్ల నా కూతురు మిలికాకు చెందాలి. ఈ వీలునామా అమలు చేసే అధికారం కూడా ఆమెదే, ఒకెలోది కాదు. ఎందుకో మూడో అంశంలో ఉంది.

2. ఇల్లు, ఎద్దులు ఒకెలోకు. నీలం దుప్పటి చిన్న మనవరాలికి. అది లేకపోతే పిల్ల పడుకోదు.

3. నా ఎడమ రొమ్ముపైన, చర్మం కింద, గుండెను నడిపే పేస్‌మేకర్ ఉంది. నేను పోయాక, శవం ఇంటికి చేరకముందే, మార్చురీలోనే దాన్ని తీయించి గుండె డాక్టరుకు అప్పగించాలి. ఆయన శుద్ధిచేసి, కొత్త తీగలు వేసి న్యార్ గెమ్‌కు పెడతానన్నాడు. దాని గుండె నడక మరీ మందగించింది. మొన్న పొయ్యి దగ్గర పడి జుట్టు కాల్చుకుంది. ఈసారి పొయ్యిలోనే పడుతుంది. కొత్తది కొనే తాహతు మాకెవరికీ లేదు. పొద్దున్నే దాని గుడిసెలో పొగ లేచిందా అని చూస్తాను, లేచేదాకా నాకు కాలు నిలవదు. నేనే ముందు పోవాలి.

ఒకెలో అడ్డుపడతాడు. "అమ్మా, ఒంట్లోది తీసేసి పాతిపెడితే నువ్వు ఊరుకుంటావా? వెతుక్కుంటూ వచ్చి మా పిల్లల్ని పట్టుకుంటావు" అని పెద్దల ముందే అన్నాడు. వాళ్లూ తలలూపారు. వినరా ఒకెలో, ఇది డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు పెట్టింది కూడా కొత్తది కాదు. పరాయి దేశంలో ఎవరో చనిపోతే, ఆ మనిషి ఎదలోంచి తీసి వాళ్లవాళ్లు దానమిచ్చింది. ఇన్నేళ్లూ దాంతోనే నీకు సంకటి కెలికి పెట్టాను, నీ పిల్లల్ని వీపున మోశాను. ఏ దయ్యమైనా నీ తలుపు తట్టిందా? ఆ మనిషి రాలేదు, నేనూ రాను. తీయకుండా పాతిపెట్టారో, అప్పుడు తప్పకుండా వస్తాను.

4. న్యార్ గెమ్‌కు ఒక మాట. "నీ ఎంగిలి మిషను నాకొద్దక్కా" అన్నావు. నా మొగుణ్ణి పంచుకున్నప్పుడు ఎంగిలి గుర్తు రాలేదుటే? నా పెద్ద కుండ పగలగొట్టి నేరం మేకమీదకు నెట్టావు, అదింకా క్షమించలేదు. నోరు మూసుకుని పెట్టించుకో. నా సమాధి నా ఇంటి ఎడమపక్క, నీ గుమ్మానికెదురుగా వస్తుంది. దానిమీద కలుపు పెరిగిందో, చూసుకో.

5. న్యార్ గెమ్ తానూ సాక్షినంటూ వచ్చింది. వీలునామాలో ఏదైనా దక్కేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని టోబియాస్ చెప్పాడు. అయినా వెళ్లలేదు. "కుండ పగలగొట్టింది మేకే" అని గొణుగుతూ సిరా డబ్బా తెరిచి నా ముందు పట్టుకుని కూర్చుంది.

2019 మార్చి 14, అసెంబో.

దోర్కా అలూ కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు:
టోబియాస్ ఒగూతు, చర్చి గుమాస్తా
క్లెమెన్సియా అబూటో, మంత్రసాని