సరస్సు కింద క్వార్టర్లు

బావా,

కుశల ప్రశ్నలకు ఇది సమయం కాదు. మంచు కరిగి కొండమీద నిండిన సరస్సు గట్టు తెగుతుందేమోనని గని కార్మికులు నిన్న మీటింగులో అడిగితే, "మంచుయుగం దానంతటదే పోలేదా? అప్పుడేమైనా ఫ్యాక్టరీలున్నాయా?" అని అందరినీ నవ్వించావు.

పోయింది, నిజమే. భూమి వాలు మారి ఉత్తరాన ఎండ పెరిగింది, మంచు కరిగింది, సముద్రం వదిలిన బొగ్గుపులుసు వాయువు ఆ వేడిని ఇంకా పెంచింది. దానికి వేల ఏళ్ళు పట్టింది. మనం వందేళ్ళలోనే అంతకంటే ఎక్కువ వాయువు గాల్లో కలిపాం. ఇదంతా నాకు నేర్పిందే నువ్వు! మరి కొండ కింది కార్మికుల క్వార్టర్లు ఖాళీ చేయించనక్కర్లేదని రిపోర్టు మీద ఏ మొహంతో సంతకం పెట్టావు?

సోమవారంలోగా ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. అక్క పొద్దున్నే పెట్టె సర్దుకుని ఆ క్వార్టర్లలోకి మారిపోయింది. "మీ బావ రాసింది నిజమైతే నాకేం భయంరా?" అంటోంది.

నీ బావమరిది