తగ్గిన కాలితో కుంటడం

చేజర్ల దగ్గర నుంచి,
ఆదివారం.

అక్కయ్యకి తమ్ముడు నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరూ బాగున్నారు. నేనూ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మకు బీపీ మాత్ర పొద్దున్నే వేయిస్తున్నావా? చేతికిస్తే గూట్లో పెట్టి మర్చిపోతుంది. ఎదురుగా నిలబడి మింగించు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని కంగారు పడకు. ఈ ఇంట్లో ఫోను మాట్లాడటమంటే మైకు పట్టుకుని మాట్లాడటమే. నేను హలో అనగానే అత్తయ్య టీవీ సౌండు తగ్గిస్తుంది. నాకు ఇబ్బంది కలగకూడదనే, పాపం. ఆ తర్వాత హాల్లో ఉన్నవాళ్లందరికీ నా ప్రతి మాటా వినపడుతుంది. పైగా నీకొక కాగితం పంపాలి. దాన్ని ఫొటో తీసి పంపితే పనికిరాదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నువ్వు పెళ్లయి వెళ్లిన కొత్తలో ఉత్తరాలు రాసేదానివి గుర్తుందా? ఒక్కో ఉత్తరంలో ‘నేను బాగున్నాను’ అని రెండు మూడు చోట్ల ఉండేది. నేను చదివి నవ్వేవాణ్ణి, అక్కకు రాయడానికి ఇంకేం దొరకడం లేదా అని. ఇల్లరికం వచ్చాక ఆ మాట ఎన్నిసార్లు రాస్తే తనివి తీరుతుందో నాకూ తెలిసింది. నేను బాగున్నాను అక్కా.

ఇక్కడి ఎండ మన దివిసీమ ఎండలాంటిది కాదు. అక్కడ చెమట పడుతుంది, కాలవలో దిగితే పోతుంది. ఇక్కడ గాలే కాలుతుంది. కాలవ కింద పొలాలు పచ్చగా ఉంటాయి గానీ, నాలుగడుగులు అవతలికి వెళ్తే బీడు, రాళ్లు, కంపచెట్లు. తిండికి లోటు లేదు. లోటు లేకపోవడమే నా కష్టం. అత్తయ్య అన్నం కుప్పగా పోసి, నెయ్యి వేసి, నేను చెయ్యి అడ్డం పెడితే చిన్నబుచ్చుకుంటుంది. ఆత్మకూరులో రక్తం పరీక్ష చేయిస్తే షుగరు అంచుమీద ఉందన్నారని నీకు చెప్పాను కదా. ఆ డాక్టరు, పరిగెత్తు, నడువు, సైకిలు తొక్కు, ఏదో ఒకటి చెయ్యి, కానీ మానకు అన్నాడు. ఆయన అంత చెప్పాల్సిన పని లేదు. నాన్నకు కాలు తీసేసిన రోజు ఆస్పత్రి వరండాలో నువ్వూ నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. నేను పరిగెత్తేది ఆరోగ్యం కోసం కాదు, భయంతో.

కానీ ఈ ఊళ్లో ఒక పెద్దింటి అల్లుడు రోడ్డు మీద పరిగెత్తడం ఎంత కష్టమో నేను కలలో కూడా అనుకోలేదు. మోకాలు వాచినా ఉప్పు కాపడం పెట్టుకుని మర్నాడు బయల్దేరేవాణ్ణి. నన్ను ఆపింది మోకాలు కాదు, జనం మంచితనం. వెనక నుంచి ఏ బండి వచ్చినా నా పక్కన ఆగుతుంది. పాలు పోసే కోటయ్య అయితే రోజూ ఆగేవాడు.

“ఏంది అల్లుడా, నడస్తా పోతా ఉండావు? బండి చెడిపోయినాదా? ఎక్కు.”

వద్దంటే అతని మొహం మాడిపోయేది. నా బండి నీకు నామోషీనా అన్నట్టు చూసేవాడు. చేసేది లేక ఎక్కి, మలుపు దాకా వెళ్లి దిగి, అక్కణ్ణుంచి వెనక్కి పరుగు మొదలుపెట్టేవాణ్ణి. ఈలోగా ఎదురుగా ఇంకో బండి వచ్చి ఆగేది. కొన్నాళ్లు నేను పరిగెత్తినదానికంటే ఊరివాళ్ల బండ్ల వెనక కూర్చున్నదే ఎక్కువ. షుగరు కోసమని చెప్పేద్దామంటే, కొత్త అల్లుడికి జబ్బుందని ఊరంతా తెలియడం అత్తయ్యకు ఇష్టం లేదు. స్వప్న కూడా తల్లి మాటే పట్టుకుని, ఇప్పుడే వద్దులే అంది.

కారణం నేను చెప్పకపోతే ఊరే ఒకటి తయారు చేసింది. ఆత్మకూరులో ఎరువుల కొట్టు దగ్గర ఎవరో అన్నారట, “కూతురినిచ్చి అల్లుణ్ణి తెచ్చుకున్నాడు గానీ, ఆ పిలకాయకి ఒక బండి కూడా ఈలేదంట” అని. ఈసారి మామయ్య సర్పంచిగా నిలబడాలనుకుంటున్నారు. ఆ మాట ఆయన చెవిన పడ్డ వారంలోనే వాకిట్లో ఎర్రరంగు కొత్త బండి నిలబడింది. దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూసినవాళ్లు సంతోషం అనుకున్నారు. బండి లేని అల్లుడు నడిస్తే జాలిపడతారు, బండి ఉన్న అల్లుడు నడిస్తే పిచ్చివాడంటారు.

అప్పుడు స్వప్న కొట్టుగదిలోంచి తను స్కూలుకు తొక్కిన సైకిలు తీయించింది. తనే గాలి కొట్టి, గొలుసుకు నూనె వేసి ఇచ్చింది. ఆ పిల్ల మంచిది అక్కా, నువ్వు దిగులు పడకు. కొన్నాళ్లు చీకటి విడవకముందే తొక్కాను. ఒకరోజు బర్రెలు అడ్డం వస్తే తప్పించబోయి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు. కానీ పడింది మామయ్యకు పోటీగా నిలబడబోయే ఆయన గుమ్మం ముందు. ఆయనే లేవదీసి, నీళ్లిచ్చి, కారులో ఇంటి దగ్గర దింపాడు. ఆడపిల్లల సైకిలు డిక్కీలో పెట్టించి మరీ దింపాడు.

మామయ్య నా మీద కేకలెయ్యలేదు. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పారు.

“అల్లుడూ, మన ఇంటి మొగోళ్లు రోడ్డు మీద నడస్తా పోతే ఎవురో ఒకరు కారణం అడుగుతారు. మనది కారణాలు చెప్పే ఇల్లు కాదు.”

ఆ రాత్రి మనింటికి వచ్చేద్దామనే అనుకున్నాను. నీకు చెప్పలేదు. పొద్దున్నే ఆ ఒక్క గంట నాది అనుకుని మిగతా రోజంతా వీళ్లకు ఇచ్చేస్తున్నాను, అది కూడా పోతే నేను ఇక్కడ ఉండి ఎవరికి ఉపయోగం? నా ఏడుపు విని స్వప్న, “మానొద్దు. ఊరికి కనపడకుండా పరిగెత్తు” అంది.

దారి అనుకోకుండా దొరికింది. మామయ్య చెల్లెలు ఉదయగిరిలో ఉంటారు. ఆవిడకు మామిడికాయలు ఇచ్చి రమ్మని నన్ను పంపారు. ఇచ్చేసి, బండి ఆ వీధిలోనే వదిలి, కొండ వైపు నడిచాను. ఒక్క బండీ ఆగలేదు. చెక్క గరిటెలు చెక్కుతున్న ఒకాయన ఏ ఊరని అడిగితే కృష్ణా జిల్లా అన్నాను. ఎవరి అల్లుడివని ఆయన అడగలేదు. పైన కోట గోడలు కనిపిస్తున్నాయి, నా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది, ఇక్కడికి వచ్చాక మొదటిసారి నాకు సంతోషం వేసింది. ఆ తర్వాత ఏదో ఒక పని కల్పించుకుని ఉదయగిరి వెళ్లేవాణ్ణి. గంట నడవడానికి గంటకు పైగా బండి తోలుకుని వెళ్లేవాణ్ణి. ఇది విని నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

అదీ ఎన్నాళ్లో సాగలేదు. కొండ దిగుతుంటే రాయి జారి ఎడమ చీలమండ బెణికింది. గేరు మార్చినప్పుడల్లా ప్రాణం పోతుంటే అలాగే బండి మీద ఇల్లు చేరాను. వాకిట్లో నా కుంటు చూసి, బండి మీంచి పడ్డానని అత్తయ్య ఒకటే ఏడుపు. బండికి గీత కూడా పడలేదని ఎవరూ చూడలేదు. కొండెక్కుతున్నానని నేను చెప్పలేకపోయాను. గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టారు, బండి తాళం మామయ్య బీరువాలోకి వెళ్లింది.

ఇక మిగిలింది డాబా. చుట్టూ పిట్టగోడ ఉంది, నేను గోడ మీంచి వంగితే తప్ప కింద నుంచి కనపడను. చీలమండకు గుడ్డ కట్టుకుని, తెల్లవారుతుండగా గోడ పట్టుకుని చుట్లు తిరిగేవాణ్ణి. ఎందుకు ఇంత మొండితనం అని నన్ను నేనే అడిగాను. ఒకరోజు మానితే రెండో రోజు మానడం సులువవుతుంది, నాన్న అలాగే మానేశారు.

వేసవి కదా, మామయ్య డాబా మీదే మంచం వేసుకుని పడుకుంటారు. ఒక తెల్లవారుజామున దుప్పటి తొలిగి ఆయన కుడికాలు బయటికి ఉంది. ఆయన ఎప్పుడూ మేజోళ్లతోనే ఉంటారు. కారు దిగి నాలుగడుగులు కూడా నడవరు. అది దర్జా అని ఊరంతా అనుకుంటుంది, నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు మేజోడు లేదు. బొటనవేలు నల్లబడి, కింద పుండు పడి ఉంది. దగ్గరికి వెళ్లకముందే వాసన తెలిసింది అక్కా. ఆ వాసన నీకు చెప్పక్కర్లేదు.

ఆయన కళ్లు తెరిచే ఉన్నారు.

“చెప్పు కరిచినాది. అంతే” అన్నారు.

షుగరుందా అన్నాను. చాలా ఏళ్ల నుంచి ఉందట. మాత్ర గుర్తొస్తే వేసుకుంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అంటే, “నీకు మాత్రం చెప్పినానా? నువ్వు చూసినావు” అన్నారు. నేను మంచం పక్కన కింద కూర్చుని, నాన్న సంగతి మొత్తం చెప్పాను. వేలి దగ్గర మొదలై ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పాను. ఆయన దుప్పటి లాగి కాలు కప్పుకున్నారు. తర్వాత లేచి నిలబడబోయి, “పద, నేనూ నీతో నడస్తా” అన్నారు.

పుండు మీద నడవకూడదని నేనే ఆయన్ను కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇన్ని నెలలు నా పక్కన నడిచే మనిషి కోసం మొహం వాచి ఉన్నాను. వస్తానన్న ఒక్క మనిషినీ వద్దన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

నెల్లూరు వెళ్దామంటే ఎలక్షన్లు అయ్యాక చూద్దామన్నారు. కాలు పాడైన మనిషిని ఊరు నిలబెట్టదని ఆయన భయం. నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నా చీలమండకు ఎక్స్‌రే తీయించాలని ఇంట్లో చెప్పి ఇద్దరం వెళ్దాం, చూపించేది మీ కాలు, అన్నాను. కారణం దొరికింది కాబట్టి ఒప్పుకున్నారు. ఇప్పటికి కొన్నిసార్లు వెళ్లి కట్టు కట్టించుకొచ్చాం. వేలు నిలుస్తుందో తీసేయాలో ఇప్పుడే చెప్పలేనని అక్కడి డాక్టరు అన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కాలే తీసేయాలనేవాణ్ణి అన్నాడు.

నా చీలమండ తగ్గిపోయింది అక్కా. ఎప్పుడో తగ్గింది. కానీ కుంటుతూనే ఉన్నాను. నేను కుంటడం మానితే మామయ్యకు నెల్లూరు వెళ్లే దారి ఉండదు. స్వప్నకు కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. రాత్రిళ్లు తను నా బాగైన కాలికి నూనె రాస్తుంటే మొహం పక్కకు తిప్పుకుంటున్నాను. ఊళ్లో నన్ను చూసి, ఇల్లరికం వచ్చి కాలు పోగొట్టుకున్నాడు పాపం అనుకుంటున్నారు. కోటయ్య బండి ఆపితే మారుమాట్లాడకుండా ఎక్కుతున్నాను.

తెల్లవారుజామున డాబా మీద మాత్రం సరిగ్గా నడుస్తాను. మామయ్య మంచం మీద కూర్చుని చూస్తుంటారు. అలిసిపోయి నేను ఆగబోతే, “ఇంకో సుట్టు” అంటారు. అప్పుడు ఇంకో చుట్టు తిరుగుతాను. మెట్లు దిగేటప్పుడు మళ్లీ కుంటడం మొదలుపెడతాను.

నువ్వు చేసిపెట్టాల్సిన పని ఒకటుంది. వేలు దెబ్బతిన్నాక నాన్నకు అవనిగడ్డలో మెత్తటి చెప్పులు చేయించాం చూడు, ఆ కొట్టులోనే మామయ్యకు ఒక జత చేయించి పంపు. ఆత్మకూరులో గానీ నెల్లూరులో గానీ ఎవరో ఒకరు గుర్తుపడతారని ఆయన ఒప్పుకోవడం లేదు. స్వప్నకు చెప్పాలా వద్దా అన్నది కూడా నువ్వే ఆలోచించి రాయి. ఒట్టు తప్పితే ఆయన నన్ను నమ్మరు. తప్పకపోతే, రేపు జరగరానిది జరిగితే, స్వప్న నన్ను నమ్మదు.

అమ్మ పాదాలకు నా నమస్కారం చెప్పు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఊళ్లో పెద్దవాళ్లు అడిగితే క్షేమంగా ఉన్నానని చెప్పు. నన్ను కాస్త ధైర్యంగా ఉండమని దీవించు. నేను బాగున్నాను.

నీ తమ్ముడు,
రాంబాబు.

తా.క. చెప్పుల కొలత కాగితం ఇందులో పెట్టాను. మామయ్య కాలు కొలవనివ్వలేదు. కట్టు విప్పినప్పుడు కాళ్లు కడుక్కుని డాబా మీద రెండడుగులు వేస్తే, మంచిదైన ఎడమకాలి తడి ముద్ర మీద కాగితం పరిచి గీశాను. కుడిది కూడా గీశాను గానీ, బొటనవేలు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటుంది. అక్కడ ఆయన కాలు ఆనించడం లేదు. కొట్టువాడికి ఆ సంగతి చెప్పు. అమ్మకు మాత్రం కాగితం చూపించకు. ఎవరిదని అడగదు, చూడగానే ఏ జబ్బో గుర్తుపడుతుంది.