పక్క నక్షత్రం

ప్రొఫెసర్ మిజోగుచి గారికి,

ప్లమ్ పూలు విచ్చాయా అని రుతువును పలకరించి మొదలుపెట్టే మీ జపాన్ ఉత్తరాల మర్యాద ఈసారికి మానేస్తున్నాను. మనం గమనిస్తున్న ఆ భారీ కుర్ర నక్షత్రం చుట్టూ గడ్డకట్టిన నీరు దొరికిందని లోకానికి చాటేశారు. దాని పరారుణ కాంతిలో మంచు గుర్తు నేనూ చూశాను. పోలికకు తీసుకున్న, చుట్టూ ఏమీ లేని పక్క నక్షత్రంలోనూ అదే గుర్తు ఉంది. అంటే అది మన టెలిస్కోపు కెమెరా అద్దానికి పట్టిన మంచు. ఆ మాట ముందే చెబితే మీరు, "ఆ రెండో నక్షత్రం తీసేయమ్మాయ్, ఎవరడుగుతారు" అని నవ్వారు.

తర్వాత అద్దం ఆరబెట్టి మళ్లీ చూశాను. పక్క నక్షత్రంలో గుర్తు పోయింది. మన నక్షత్రంలో సన్నగా మిగిలింది. అసలు మంచు ఉంది. మీరు ఒక్క వారం ఆగలేకపోయారు. కొలతలన్నీ మీ వ్యాసం వేసిన పత్రికకు పంపేశాను. ఇకమీదట నేనెక్కడ మంచు ఉందన్నా, "ఏ అద్దం మీద?" అంటారు అందరూ.

మీ దగ్గరే కొలవడం నేర్చుకున్న
శిష్యురాలు